అద్భుత కథలు – సికింద్రాబాదు పాఠకులు

గ్రంథాలయోద్యమ చరిత్రను వ్రాయువారు స్థాపకుల త్యాగమును, భవన నిర్మాణమును, వార్షికోత్సవములను తప్పక పేర్కొందురు. అది ఉచితమే. కాని బీరువా ముందు నిలిచి "తరువాతి భాగము వచ్చినదా?" యని అడిగిన పాఠకునకు ఆ చరిత్రలో చోటు తక్కువ. అందును మంత్రగాండ్ర కథలు, గగనయానముల కథలు, యక్ష రాక్షసుల కథలు కోరి చదివినవారిని గూర్చి పెద్దలు మాటాడుట అరుదు. మాటాడినను చదువు పాడుచేసికొనువారనియే మాటాడిరి. అయినను పిల్లలచే గ్రంథాలయపు గడప త్రొక్కించిన పుస్తకములలో ఆ కథలదే పెద్ద పాలు. అట్టి పాఠకుల చరిత్రను పరిశీలించుటకు సికింద్రాబాదు అనువైన తావు.

సికందర్ జా పేరిట 1806లో వెలసిన ఈ ఊరు మొదట దండు విడిది. దండు వెంట వర్తకులు, గుత్తేదారులు, గుమాస్తాలు వచ్చిరి. తెలుగు, ఉర్దూ, తమిళము, మరాఠీ, కన్నడము, ఇంగ్లీషు ఒక్క వీధిలోనే వినబడు ఊరైనది. 1874లో వాడి నుండి ఇచటికి రైలు వచ్చినది. 1889 నాటికి ఆ దారి బెజవాడ వరకు సాగినది. రైలుమార్గపు ముచ్చట పుస్తకముల వ్యాసములో ఏల యని అనుకొనరాదు. నిజాము రాష్ట్రమున రాచకార్యములు మొదట ఫారసీలోను, పిదప ఉర్దూలోను జరిగెను. బడులలో తెలుగునకు ఆదరము లేదు. తెలుగు అచ్చు పుస్తకము అధికముగా రాజమహేంద్రవరము, బెజవాడ, మద్రాసుల నుండి రావలసినదే. బెజవాడ దారి పడిన తరువాత ఆ పుస్తకములు తెలంగాణమున ప్రవేశించిన ముఖ్యద్వారములలో సికింద్రాబాదు స్టేషను ఒకటి యయ్యెను.

1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయము ఏర్పడినవి. 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలగువారి పూనికతో విజ్ఞానచంద్రికా మండలి హైదరాబాదులో ఆరంభమయ్యెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్ర ఆ గ్రంథమాలలో తొలి కుసుమము. చరిత్రము, ప్రకృతి శాస్త్రము, జీవశాస్త్రము తెలుగువారికి తెలుగులో అందవలెనని ఆ పెద్దల సంకల్పము. అది గొప్ప సంకల్పము. తమ భాషలో చదువుకొను హక్కే సందిగ్ధమైన చోట పుస్తకము పట్టినవాడు ముందుగా లోకజ్ఞానమును పొందవలెనని వారు తలచుటలో తప్పేమియు లేదు. కాని వారి జాబితాలలో మాంత్రికునకు చోటు లేకపోయెను.

మాంత్రికుడు మాత్రము వేరొక దారిని వచ్చెను. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు పండ్రెండు భాగములుగా వెలువడి, ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దములలో తెలుగు చదువ నేర్చిన ఇండ్లనెల్ల చుట్టివచ్చినవి. మణిసిద్ధుడను యతి కాశీయాత్రకు బయలుదేరును. తోడుగా ఒక గొల్ల పిల్లవాడు వచ్చును. ఆ బాలుడు ఊరకే రాడు; మజిలీ మజిలీకి తాను చూచిన వింతను గూర్చి అడుగును, దానికి సమాధానముగా కథ చెప్పవలెను. చెప్పనిచో ముందుకు అడుగు వేయడు. తెలుగున అద్భుతకథా పాఠకునకు మూలపురుషుడెవడని అడిగినచో ఆ గొల్ల పిల్లవానినే చూపవలెను. వాని పట్టుదల వలననే కథ నడచినది. యతికి కాశీ చేరుట ఎంత అవసరమో పిల్లవానికి కథ అంత అవసరము. ఆ పుస్తకము ఒక్కరు చదివి ఊరుకొనునది కాదు. రాత్రి దీపము ముందు ఒకరు చదువగా పదిమంది వినుట, మరునాడు ఆ పదిమందియు మరి పదిమందికి చెప్పుట, ఇది దాని ప్రచార పద్ధతి. ప్రతి ఒక్కటి అనేకుల చేతులు మారి, అట్ట ఊడి, అంచులు నలిగినదే.

ఇట్టి కథలు పామరులకే యను మాట సత్యము కాదు. విశ్వనాథ సత్యనారాయణగారి 'హాహాహూహూ' నవలలో గుఱ్ఱపు తల గల గంధర్వుడొకడు లండను నగరమున ట్రఫాల్గర్ స్క్వేరులో పడును. అచటి శాస్త్రజ్ఞులు, పత్రికలవారు, పోలీసులు వానిని చూచి ఏమనుకొనిరి, వాడు వారిని చూచి ఏమనుకొనెను అనునది కథ. భూమికి పరలోకవాసి వచ్చుట యను కల్పనతో ఇంగ్లీషున వెల్సు వంటివారు వ్రాసిన నవలలను మెచ్చుకొనువారు దీనిని కూడ చదివి చూడవలెను. వెల్సు కథలో అంగారక గ్రహమువారు భూమిపై దాడి చేయుదురు. విశ్వనాథవారి గంధర్వుడు దాడి చేయడు, వాదము చేయును. శాస్త్ర కల్పన, పురాణ కల్పన యని రెండు గిరులు గీయుట మన సాహిత్యమున అంత సులభము కాదనుటకు ఇది నిదర్శనము.

ఇక అసలు విషయము. 1947 జూలైలో మద్రాసునందు బి. నాగిరెడ్డి, చక్రపాణిగారలు 'చందమామ' మాసపత్రికను ఆరంభించిరి. తెలుగు, తమిళములలో మొదలైన ఆ పత్రిక క్రమముగా కన్నడము, హిందీ, మరాఠీ మున్నగు భాషలకు వ్యాపించినది. అది పుట్టినప్పుడు హైదరాబాదు ఇంకను నిజాము ఏలుబడిలో నుండెను. 1948 సెప్టెంబరులో గదా భారతదేశమున చేరినది. ఆ సంస్థవారే 1951లో 'పాతాళభైరవి' చిత్రమును తీసిరి. దాని కథకు మూలము కాశీమజిలీ కథలలోనిదే. గొల్ల పిల్లవాడు అడిగి చెప్పించుకొన్న కథ ఇట్లు వెండితెరకెక్కెను. ఆ చిత్రమును చూచి మాంత్రికుని మాటలను అనుకరించుచు వీధులలో తిరిగిన పిల్లలే మూడేండ్లకు చందమామలో 'తోకచుక్క'కు పాఠకులైరి.

'తోకచుక్క' 1954లో మొదలైన ధారావాహిక. ఆకాశమున తోకచుక్క కనబడుటతో కథ ప్రారంభమగును. కుండలినీ ద్వీపపు సేనాని సమరసేనుడు ఓడలపై బయలుదేరి, తెలియని ద్వీపమున ఏకాక్షి, చతుర్నేత్రుడు అను ఇరువురు మాంత్రికుల పగ నడుమ చిక్కుకొనును. ఒకనికి ఒక్క కన్ను, ఇంకొకనికి నాలుగు కన్నులు. చతుర్నేత్రునకు గుడ్లగూబయు, నరవానరుడును సేవకులు. చిత్రా యని సంతకము చేయు టి.వి. రాఘవన్‌గారు ఈ కథకు బొమ్మలు గీసిరి. ఆయన గీసిన అడవిలో చెట్లు కూడ ఏదో ఆలోచించుచున్నట్లుండును. చదువురాని చిన్నవారు బొమ్మను చూచి భయపడి, అన్నయో అక్కయో చదివి చెప్పిన పిమ్మట మరింత భయపడిరి. ఆ భయముకొరకే మరుసటి నెల ఎదురు చూచిరి.

దానివెంట మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపము, రాకాసిలోయ, పాతాళదుర్గము, శిథిలాలయము, రాతిరథము, యక్షపర్వతము, మాయాసరోవరము ఇత్యాదిగా ధారావాహికలు రెండు దశాబ్దములకు పైగా వచ్చినవి. వీనిలో కథానాయకులు తరచుగా రాజకుమారులు కారు. అడవిలో బ్రదుకు యువకులు, కొలువు వెదకుకొనువారు, పశువులు కాచుకొనువారు మాంత్రికులను ఎదుర్కొందురు. మాంత్రికుడు కూడ సర్వశక్తిమంతుడు కాడు; అతనికి ఆకలి, కోపము, పొరపాటు కలవు. ఒకని దురాశయే అతనికి ఉరియగును. వరము వలన గాక ఉపాయము వలన గెలుచుట ఈ కథల లక్షణము. పురాణ కథలకును వీనికిని గల భేదమును పిల్లలు పేరు పెట్టి చెప్పలేకపోయినను గుర్తించిరి.

'తోకచుక్క' వెలువడునాటికి తెలుగువారు రెండు రాష్ట్రములలో నుండిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడెను. సికింద్రాబాదు హైదరాబాదు రాష్ట్రములోనే యుండెను. 1956 నవంబరు 1 వరకు ఈ స్థితి సాగినది. అయినను బెజవాడ పిల్లవాడును, సికింద్రాబాదు పిల్లవాడును ఒకే నెలలో సమరసేనునికై బెంగపెట్టుకొనిరి. సికింద్రాబాదులో ఇంకొక విశేషము కలదు. లాలాగూడ రైల్వే కార్ఖానా పరిసరములలోను, మెట్టుగూడ, చిలకలగూడలలోను రైల్వే ఉద్యోగుల కుటుంబములు పలు భాషలవి. తెలుగింట చందమామ, తమిళుల ఇంట అంబులిమామ, మరాఠీల ఇంట చాందోబా. కథ ఒక్కటే, బొమ్మ ఒక్కటే, అక్షరములే వేరు. ఇట్టి వాడలలో ఆడుకొను పిల్లలకు ఇరుగు పొరుగు భాష చదువరాకపోయినను అచటి పత్రికలోని బొమ్మను చూచి "ఇది మా కథయే" యనుటకు అడ్డులేదు. పెద్దలకు భాషాభేదములు ఎన్ని యున్నను మాంత్రికుని విషయములో పిల్లలకు ఏకాభిప్రాయము కుదిరియుండును.

పత్రిక కొనగలిగిన ఇండ్లు కొన్నియే. తక్కినవారికి గ్రంథాలయము, చదువుల గది, అద్దె పుస్తకముల దుకాణము శరణ్యము. అద్దె దుకాణమున కొద్దిపాటి పైకము చెల్లించి రాత్రికి తీసికొనిపోయి ఉదయము తిరిగి ఇచ్చుట ఆనవాయితీ. ఒక ప్రతిని ఇంటిల్లిపాదియు వంతులు వేసికొని చదువవలెను. గ్రంథాలయమున బల్లపై నున్న ప్రతికి ఒకడు చదువుచుండగా వెనుక నుండి మరి ఇద్దరు తొంగిచూచుట, పుట త్రిప్పుటలో తగవు పడుట సర్వసాధారణము. చదువుట ఒక గంట పని. చర్చ నెల దినముల పని. సమరసేనుడు ఓడను చేరునా? చతుర్నేత్రుని నమ్మవచ్చునా? వచ్చు నెల బొమ్మలో ఏమి యుండును? బడికి నడచు దారిలో, రైల్వే మైదానములో, మంచినీళ్ళ కుళాయి యొద్ద ఈ ప్రశ్నలపై పక్షములు ఏర్పడెడివి. తర్కశాస్త్రమును పాఠశాలలో నేర్వనివారు ఇచట నేర్చిరనిన అతిశయోక్తి కాదు.

ఆసక్తి గల పాఠకులు మరియొక పని చేసిరి. నెలనెలా ధారావాహిక పుటలను పత్రిక నుండి జాగ్రత్తగా విడదీసి, వరుసగా పేర్చి, కథ ముగిసిన పిమ్మట దారముతో కుట్టించి అట్ట వేయించిరి. పత్రికపై ప్రేమ గలవారికి ఇది కష్టముగా తోచును. గ్రంథాలయ ప్రతులకు ఈ గతి పట్టినప్పుడు గ్రంథపాలకుల ఆగ్రహము న్యాయమైనదే; మాంత్రికుడు మాయమై, పత్రిక మిగిలిన పుటలతో బక్కచిక్కి బీరువా చేరెడిది. అయినను ఆ కుట్టుపుస్తకములే లేకున్న పిదపటి కథ జరుగుట కష్టము.

ఈ సందర్భమున అమెరికా దేశపు విషయమును కొంచెము చెప్పవలెను. 1926లో హ్యూగో గెర్న్స్‌బాక్ అనునతడు శాస్త్ర కల్పన కథలకే 'అమేజింగ్ స్టోరీస్' అను పత్రికను స్థాపించెను. అందు పాఠకుల ఉత్తరములను పూర్తి చిరునామాలతో ప్రకటించుట ఆచారము. ఆ చిరునామాలను చూచి పాఠకులు ఒకరికొకరు జాబులు వ్రాసికొనిరి, సంఘములు కట్టిరి. 1930 మే నెలలో అట్టి యొక సంఘమువారు తామే అచ్చొత్తి పంచుకొన్న చిన్న పత్రిక ఆ జాతి పత్రికలలో మొదటిదని చెప్పుదురు. దాని పేరు 'ది కామెట్', అనగా తోకచుక్క. 1939లో న్యూయార్కు నగరమున ఇట్టి పాఠకుల తొలి ప్రపంచ సభ సుమారు రెండు వందల మందితో జరిగినది. అచటివారికి అభిమాన రచయితలు పేరు పేరున తెలియుదురు; సభలలో వారిని కలిసికొని వాదించిరి, మెచ్చిరి, తప్పులు పట్టిరి.

మన తోకచుక్క పాఠకులకు అట్టి భాగ్యము లేకపోయెను. ఏలయన ఆ కథను వ్రాసినదెవరో వారికి తెలియదు. చందమామలో ఈ ధారావాహికలు రచయిత పేరు లేకయే వెలువడినవి. సంపాదకవర్గములోనివారు వ్రాసినది పత్రికదే యను పద్ధతి అచట నెలకొనియుండెను. 1952 మొదలు 1980లో మరణించు వరకు పత్రికా సంపాదన భారమును వహించిన కొడవటిగంటి కుటుంబరావుగారి పేరు కూడ పిల్లలకు పరిచయము లేదు. విచిత్రమేమనగా ఫోటో వ్యాఖ్యల పోటీలో గెలిచిన పాఠకుని పేరు ఊరితో సహా అదే పత్రికలో అచ్చుపడెడిది. ఒక్క వాక్యము వ్రాసిన పాఠకునకు పేరు కలదు. వందల పుటలు వ్రాసినవానికి లేదు. దీనిని సంస్థ ధర్మమని సమర్థించువారు కలరు. పిల్లలకు కథ కావలెను గాని కర్త ఏల యనువారును కలరు. కాని పాఠకుడు తనకు నచ్చిన కథ విన్న వెంటనే "ఇది చెప్పినదెవరు?" యని అడుగును, అది కృతజ్ఞతలో మొదటి మెట్టు. ఆ ప్రశ్నకు నలుబది ఏబది ఏండ్లు సమాధానము లేకుండుట ఆ పద్ధతిలోని లోపమే యనవలెను.

వ్రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యముగారు. 1932లో జన్మించిన ఆయన ఇరువది యేండ్ల ప్రాయమున చందమామలో చేరి అర్ధశతాబ్దికి పైగా అచటనే పనిచేసిరి. 'తోకచుక్క' మొదలైనప్పుడు ఆయనకు ఇరువదిరెండేండ్లయినను నిండలేదు. ఏకాక్షిని, చతుర్నేత్రుని తలచుకొని నిద్ర మానిన పిల్లలకును ఆ కథకునకును వయసులో భేదము పది పండ్రెండేండ్లే యని అప్పుడు తెలిసినచో వారు నమ్మియుండరు.

ఆయన పేరు బయటికి వచ్చిన తీరు గమనింపదగినది. ఆ నాటి బాలపాఠకులు ఉద్యోగములు చేసి, దేశదేశములకు పోయి, జుట్టు నెరసిన పిమ్మట కూడ ఆ కథలను మరువలేదు. చిన్ననాటి సంచికలకై పాత పుస్తకముల అంగళ్ళను గాలించిరి. హైదరాబాదున ఆబిడ్సులో ఆదివారము నాడు కాలిబాటపై పరచు పాత పుస్తకములలో అట్ట లేని చందమామను చూచి నిలిచిపోయినవారు ఎందరో. దొరికినదానిని ప్రతులు తీసి ఒకరికొకరు పంచుకొనిరి. చర్చలు మరల మొదలైనవి. కుటుంబరావుగారి కుమారుడును, శాస్త్రవేత్తయును అయిన కొడవటిగంటి రోహిణీప్రసాదుగారు చందమామ కార్యాలయపు సంగతులను, దాసరివారి కృషిని గూర్చి వ్యాసములు వ్రాసిరి. ఇట్లు 2000 తరువాతి సంవత్సరములలో కథకుని పేరు పాఠకలోకమున వ్యాపించినది. అప్పటికి ఆయన వృద్ధులు. 2010 జనవరిలో విజయవాడలో కాలధర్మము చెందిరి. తన పాఠకులు ఇంతమంది యని జీవితపు చివరి యేండ్లలోనైనను ఆయనకు కొంత తెలిసినది; అదియు తెలియకపోయినచో ఎంత అన్యాయమగును!

అటుపిమ్మట కొలది సంవత్సరములకే, 2012–13 ప్రాంతమున, చందమామ పత్రికయే నిలిచిపోయెను. పత్రిక పోయినచో దానిలోని కథలు కూడ పోవలసినదే. పోలేదు. సికింద్రాబాదు తార్నాకలోని 'మంచి పుస్తకము' అను ప్రచురణ సంస్థ దాసరివారి ధారావాహికలను చిత్రాగారి బొమ్మలతో పుస్తకములుగా వెలువరించినది. ఈ సంస్థ పిల్లల పుస్తకములనే ప్రధానముగా ప్రకటించును. ఒకనాడు కోస్తా నుండియు మద్రాసు నుండియు రైలులో వచ్చు కథలకై ఎదురు చూచిన ఊరి నుండియే ఆ కథలు తిరిగి తెలుగు జిల్లాలకు బయలుదేరినవి. నెలకు కొన్ని పుటలుగా, ఏండ్ల తరబడి వచ్చిన కథను ఇప్పటి పిల్లవాడు రెండు మధ్యాహ్నములలో ముగింపగలడు. నెల దినములు ఎదురుచూచుటలోని సుఖము వానికి లేదని పాతవారు జాలిపడుదురు. వాడు మాత్రము జాలిపడడు, రెండవ పుస్తకమడుగును. అన్నింటికంటె ముఖ్యము, ఈ పుస్తకముల అట్టపై రచయిత పేరు అచ్చువేయబడినది.

పాత గ్రంథాలయములలో నేటికిని దారముతో కుట్టిన చందమామ ధారావాహికలు అక్కడక్కడ కనబడుచుండును. వాని మొదటి పుట తరచుగా ఊడిపోయియుండును. నమోదు పుస్తకమున గ్రంథనామము గడిలో 'కంచుకోట' యనియో 'రాకాసిలోయ' యనియో వ్రాసి, గ్రంథకర్త గడిలో చిన్న గీత గీచి విడిచియుందురు. ఆ నాటి గ్రంథపాలకుడు చేయగలిగినది అంతియే. ఆ గీత స్థానమున వ్రాయవలసిన పేరు ఇప్పుడు తెలిసినది కనుక, అట్టి ప్రతులున్న గ్రంథాలయముల వారు నమోదు పుస్తకములను తీసి ఆ గడిని పూరించుట యుక్తము.